పాత బండికి కొత్త ఫోర్కు: బిగించే ముందు కొలవవలసినవి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పల్లెలలోను, కోలారు, బళ్ళారి సరిహద్దు గ్రామాలలోను ఇప్పటికీ కొన్ని ఇండ్ల పంచలలో యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లు కనిపిస్తాయి. 1985 నుండి 1996 వరకు మన దేశంలో తయారైన ఈ బండి చాలామంది తండ్రులకు తమ యౌవనపు గుర్తు. ఇప్పుడది కుమారుల చేతికి వచ్చింది. వారిలో కొందరు చెన్నై పుదుపేటకో, బెంగళూరు శివాజీనగర్ గుజరీకో వెళ్ళి, ఏదో ఒక స్పోర్ట్స్ బైకు నుండి విప్పిన ముందు ఫోర్కును, చక్రాన్ని, డిస్క్ బ్రేకును గోనెసంచిలో చుట్టి ఇంటికి తెస్తున్నారు. పెద్దలకు అది అలంకారం కోసం పెట్టిన ఖర్చుగా తోచవచ్చు. పిల్లలు మాత్రం "బ్రేకు బాగా పడుతుంది" అని వాదిస్తారు. ఇరువురి మాటలోను కొంత నిజమున్నది. అయితే ఇద్దరి దృష్టికీ రాని విషయం మరొకటి ఉన్నది: ఫోర్కు మారినప్పుడు బ్రేకుతో పాటు బండి నడకే మారిపోతుంది.

మొదట బ్రేకు సంగతి. ఆర్‌ఎక్స్ 100 ముందు చక్రానికి ఉన్నది డ్రమ్ము బ్రేకు. కేబులు లాగితే లోపలి షూలు విచ్చుకొని డ్రమ్మును ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడి వేడి డ్రమ్ములోనే నిలిచిపోతుంది కాబట్టి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు పట్టు సడలుతుంది. వాగు దాటిన తరువాత తడిసిన డ్రమ్ము కాసేపు మాట వినదు. డిస్క్ ప్లేటు బయటి గాలికి తెరిచి ఉండి త్వరగా చల్లబడుతుంది, తడి కూడా వెంటనే విదిలిపోతుంది. ఆ మేరకు యువకుల కోరిక సమంజసమైనదే.

ఇక నడక సంగతి. ఆసుపత్రిలో రోగులను తీసుకుపోయే బల్ల చక్రాలను గమనించండి. ప్రతి చక్రమూ తాను తిరిగే ఇరుసుకు కొంచెం వెనుకగా నేలను తాకుతూ, బల్లను ఎటు తోస్తే అటు దానంతటదే సర్దుకుంటుంది. మోటారు సైకిలు ముందు చక్రంలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. హ్యాండిలు తిరిగే గొట్టాన్ని అదే వాలులో నేల వరకు పొడిగించామనుకుంటే, ఆ గీత నేలను తాకే చోటుకు కొద్దిగా వెనుక టైరు నేలను తాకుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రయిల్ అంటారు. ఇది తగినంత ఉంటేనే బండి దారి తప్పకుండా తిన్నగా పోతుంది. మరీ తగ్గితే వేగంలో హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటుంది.

లెక్క కొరకు ఒక ఉదాహరణ చూద్దాం. చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లు, గొట్టం వాలు 26 డిగ్రీలు, ఫోర్కు కాళ్ళు గొట్టానికి 45 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉన్నవి అనుకుందాం. అప్పుడు ట్రయిల్ సుమారు 96 మిల్లీమీటర్లు. ఒకటింబావు మీటరు పొడవున్న చక్రాంతరం గల బండిలో ముందు భాగం 22 మిల్లీమీటర్లు దిగితే వాలు ఒక డిగ్రీ తగ్గుతుంది. పొట్టి ఫోర్కు వేసి 44 మిల్లీమీటర్లు దించితే వాలు 24 డిగ్రీలకు, ట్రయిల్ 84కు పడిపోతాయి. దానికి తోడు చక్రం వ్యాసార్ధం 290 అయితే అది 80కి చేరుతుంది. రెండంగుళాలైనా లేని దింపుడు, కంటికి ఆనని చక్రం తేడా కలిసి ఇంత పని చేస్తాయి. ఆర్‌ఎక్స్ చక్రం 18 అంగుళాలది, నేటి స్పోర్ట్స్ బైకులవి 17. టైరు లావు వలన ఆ లోటు కొంత పూడుతుంది గాని, ఎంత పూడినదో టేపు పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

పై లెక్కలోనే ఒక ఉపాయమూ దాగి ఉన్నది. కాళ్ళు ముందుకు జరిగి ఉన్న దూరం 45 నుండి 35కు తగ్గితే, ఆ 80 మిల్లీమీటర్ల ట్రయిల్ తిరిగి 91కి పెరుగుతుంది. ఈ దూరాన్ని నిర్ణయించేది ఫోర్కు కాళ్ళను పైన, క్రింద పట్టి ఉంచే రెండు బిగింపు పలకలు. మెకానిక్కులు వీటిని టీ అంటారు. కావున కాళ్ళు మాత్రమే కొని, పాత టీ రంధ్రాలను లేత్ మీద పెద్దవి చేసి దూర్చడం పొదుపు కాదు, ప్రమాదం. కాళ్ళు, రెండు పలకలు, ఇరుసు, చక్రం, కాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే బండి నుండి వచ్చినవై ఉండాలి. ఆ టీ మధ్యలోని కాండం పొడవు, లావు మన బండి గొట్టానికి సరిపోవు. అక్కడే కోన్ సెట్ సమస్య వస్తుంది. కొత్త కాండానికీ పాత గొట్టానికీ కుదిరే కొలతలున్న బేరింగులు వెదకడం సరైన మార్గం. కాండాన్ని కోసి వెల్డింగు చేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు. హ్యాండిలు మొత్తం ఆ ఒక్క కడ్డీ మీదనే నిలబడి ఉన్నది గదా!

స్పోర్ట్స్ బైకులన్నిటి ఫోర్కూ ఒకటి కాదు. 2008లో వచ్చిన యమహా ఆర్15కు మామూలు ఫోర్కే ఉండేది. 2021లో వచ్చిన నాలుగవ రూపానికి 37 మిల్లీమీటర్ల తలక్రిందుల ఫోర్కు, 282 మిల్లీమీటర్ల డిస్క్ ఇచ్చారు. కేటీఎం ఆర్‌సీ 200 ఫోర్కు 43 మిల్లీమీటర్ల లావుది. తలక్రిందుల ఫోర్కులో లావు గొట్టం పైన, సన్నని కడ్డీ క్రింద ఉంటాయి. బ్రేకు ఒత్తిడికి అది తక్కువగా వంగుతుంది. అయితే ఆర్15 బరువు 140 కిలోల పైమాట, ఆర్‌ఎక్స్ దాదాపు 100 కిలోలు. బరువైన బండికి కూర్చిన స్ప్రింగు తేలికపాటి బండి క్రింద గట్టిపడి, గుంతల రోడ్డు మీద చక్రాన్ని ఎగరవేస్తుంది. పొలం గట్లకు, చెరువు కట్టలకు పాత ఫోర్కే సుఖమని నా అభిప్రాయం. పిల్లలు ఒప్పుకోరు, అది వేరే మాట.

బ్రేకు భాగాలను జతగా కొనడానికి మరొక కారణమున్నది. లీవరు నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి మాస్టర్ సిలిండర్ వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 14 మిల్లీమీటర్ల దానికి బదులు 11 మిల్లీమీటర్లది పెడితే అదే వేలి బలానికి ఒత్తిడి 1.6 రెట్లవుతుంది, లీవరు కదలవలసిన దూరమూ అంతే పెరుగుతుంది. కొంచెం గాలి మిగిలినా లీవరు హ్యాండిలును తాకుతుంది. ఇక 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి. ఆ బండి నుండి కాలిపర్ తెచ్చినంత మాత్రాన ఏబీఎస్ మన బండికి రాదు. ఇసుక మేట మీద గట్టిగా నొక్కితే ముందు చక్రం బిగుసుకొని మనిషి పడిపోతాడు. డ్రమ్ముకు అలవాటు పడిన చేతికి ఈ సంగతి మొదటి వారంలోనే తెలియాలి.

బండి, మనిషి కలిసి 170 కిలోలు, ఆ భారకేంద్రం నేల నుండి అరవై సెంటీమీటర్ల ఎత్తున ఉన్నవనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 49 కిలోల భారం వెనుక చక్రం నుండి ముందుకు దూకుతుంది. ఆ తోపుడంతా ఫ్రేము మెడ మీదనే పడుతుంది. ముప్పై ఏండ్ల నాటి ఫ్రేము మెడ వద్ద రంగు గీకించి, వెల్డింగులో వెంట్రుకంత చీలిక ఉన్నదేమో చూడాలి. ఉంటే పని అక్కడితో ఆపివేయాలి.

గుజరీలో ఫోర్కు కొనేటప్పుడు అది ప్రమాదంలో నలిగిన బండిదేమో కనిపెట్టాలి. కడ్డీని చదునైన గాజు పలక మీద దొర్లించండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. క్రోము మీద తుప్పు గుంట గోటికి తగిలితే కొత్త ఆయిల్ సీలు కూడా నెలలో కారుతుంది. బిల్లు అడిగి తీసుకోవాలి. దొంగ బండి భాగమైతే చిక్కు మనకే.

బిగించిన తరువాత హ్యాండిలును ఇరువైపులా చివరి వరకు తిప్పి, ఫోర్కు ట్యాంకును తాకడం లేదని, బ్రేకు పైపు లాగుడు పడడం లేదని చూడాలి. ముందు చక్రాన్ని ఎత్తి పట్టి ఒకసారి, ఫోర్కును పూర్తిగా అణచి ఒకసారి ఇదే పరీక్ష చేయాలి. పాత స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుండే తిరిగేది. దానికి మరో ఏర్పాటు కావాలి.

చట్టం సంగతి చివర చెబుతున్నా, నిజానికి డబ్బు ఖర్చు పెట్టే ముందే చూడవలసినది ఇదే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ విభాగం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో దీనిని గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరపు సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారం గాని, రెండూ గాని విధించవచ్చు. శిక్ష పడేది ఆర్‌సీ ఎవరి పేరున ఉన్నదో వారికి. మన ఇండ్లలో అది తరచు తండ్రి పేరే. బీమా సంస్థకు తెలియని మార్పు ఉంటే, ప్రమాదం జరిగిన నాడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. కాబట్టి ముందు రవాణా కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడగండి. అనుమతి రాకపోతే ఆ ఫోర్కు సొంత పొలంలోనో, ప్రైవేటు ట్రాక్ మీదో తిరిగే బండికే పరిమితం కావాలి.

సరిహద్దు కుటుంబాలకు ఇందులో మరొక మెలిక ఉన్నది. ఆంధ్ర రిజిస్ట్రేషను బండి కర్ణాటకలోనో తమిళనాడులోనో పన్నెండు నెలలు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. పదునైదేండ్లు దాటిన సొంత బండికి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అటువంటప్పుడు అధికారి బండిని చూస్తాడు. అందుకే పాత ఫోర్కుకు, డ్రమ్ము చక్రానికి నూనె పూసి, గోనెలో చుట్టి అటక మీద పెట్టండి. పాత ఇనుము వానికి మాత్రం వేయకండి.