మీకు ఏ భాష పుస్తకాలు ఇష్టం? ఆలూరు నుంచి నా జవాబు

నన్ను కలిసినవాళ్ళు చాలామంది ఒకటే మాట అడుగుతుంటారు. “తెలుగు పద్యం గురించి చెప్తావు, కన్నడ నవల చదువుతావు, ఉర్దూ గజల్ వింటావు. ఇంతకీ నీకు ఏ భాష ఇష్టమప్పా?” అని. ఈ రోజు ఎపిసోడ్‌లో దానికే జవాబు చెప్తాను.

ముందు మా ఊరి సంగతి కొంచెం తెలియాల. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడగొట్టినారు. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత పటం మీద పడింది గానీ ఇళ్ళలో పడలేదు. పెళ్ళిసంబంధాలు అటూ ఇటూ నడుస్తానే ఉన్నాయి. ఆదోని మార్కెట్‌లో పత్తి అమ్మేటప్పుడు ఒకే బేరంలో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి. అందువల్ల మా దగ్గర రెండు మూడు భాషలు రావడం గొప్పతనం కాదు, అలవాటు.

అలవాటు వేరు, అభిరుచి వేరు. నాకు అభిరుచి ఎట్లా ఏర్పడిందో ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదట పాట. మా అవ్వ దాసర పదాలు పాడేది. అవన్నీ కన్నడం. ఆమె నోట్‌బుక్‌లో మాత్రం అవి తెలుగు అక్షరాల్లో రాసి ఉంటాయి. మంత్రాలయం చుట్టుపక్కల ఇట్లాంటి నోట్‌బుక్కులు చాలా ఇళ్ళల్లో కనిపిస్తాయి. హరిదాసుల్లో పెద్దవాడైన విజయదాసు చివరి రోజులు గడిపింది మన ఆలూరు నియోజకవర్గంలోని చిప్పగిరిలోనే. 1755లో అక్కడే కాలం చేసినాడు. ఇంకా ముందుకాలం వాడైన పురందరదాసును త్యాగరాజు తన ‘ప్రహ్లాద భక్తి విజయం’లో స్తుతించినాడు. అంటే కన్నడ పదానికి తెలుగు కృతి నమస్కారం చేసిందన్నమాట. అందుకే నాకు పాటలో భాష అడ్డం రాదు.

సినిమా పాటకొస్తే పి.బి. శ్రీనివాస్. పుట్టింది కాకినాడలో. కన్నడిగులకు మాత్రం ఏండ్లపాటు రాజ్‌కుమార్ గొంతు అంటే ఆయనే. ఆయన ఉర్దూలో గజళ్ళు కూడా రాసినాడు. పాడే భాషలో మాట బరువు ఎక్కడ పడుతుందో తెలిసినవాడు కాబట్టే వేరే ఊరివాడు పాడినట్టు ఉండదు.

రెండోది నవల. ఇక్కడ నా మొగ్గు కన్నడం వైపే, ఒప్పుకుంటాను. ఎస్.ఎల్. భైరప్ప ‘వంశవృక్ష’ 1965లో వచ్చింది. నంజనగూడులో ఒక శ్రోత్రియుల ఇల్లు. వితంతువైన కోడలు చదువుకోవడానికి మైసూరు పోతుంది, మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకుంటుంది. అప్పుడు బిడ్డ ఎవరి బిడ్డ? తల్లి బిడ్డా, వంశం బిడ్డా? ఆ ప్రశ్నను రచయిత తొందరపడకుండా, ఇద్దరి పక్షానా నిలబడి నడిపిస్తాడు. ఆ నిదానమే నాకు కావాల్సింది.

దీన్ని 1971లో బి.వి. కారంత్, గిరీశ్ కర్నాడ్ కలిసి కన్నడంలో సినిమా తీసినారు. 1980లో మన బాపు తెలుగులో ‘వంశవృక్షం’ తీసినాడు. హిందీ హీరో అనిల్ కపూర్ అందులో ఉన్నాడని చెప్తే ఇప్పటికీ పిల్లకాయలు నమ్మరు. ఒకే కథను ఈ మూడు రూపాల్లో చూడండి. ఏ భాష గొప్పదన్న ప్రశ్న మరచిపోయి, ఎవరు ఏం వదిలిపెట్టినారు, ఏం పట్టుకున్నారు అని చూడటం మొదలుపెడతారు. అభిరుచి అంటే అదే.

ఇంకో ఉదాహరణ. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ రాసి తెలుగు ఛందస్సు నడుం విరగ్గొడతానన్న కవి పఠాభి. నెల్లూరు మనిషి. ఆయనే పట్టాభిరామిరెడ్డిగా 1970లో అనంతమూర్తి నవల ‘సంస్కార’ను కన్నడంలో సినిమాగా తీసినాడు. దానికి జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. తెలుగులో ఛందస్సును ధిక్కరించిన చెయ్యే కన్నడంలో ఆచారాన్ని నిలదీసిన సినిమా తీసింది. రెండు భాషలూ చూసినవాళ్ళకే ఆ మనిషి పూర్తిగా కనపడతాడు.

మరి తెలుగు? తెలుగులో నాకు పద్యం, దాన్ని చదివే గొంతు కావాల. అనంతపురం జిల్లా నుంచి పోయి మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద చేసిన ఉపన్యాసాలు చదవండి. ఆయన ప్రాకృతం నుంచి గాథాసప్తశతిని తెలుగు చేసినాడు, అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టినాడు. ఇన్ని భాషలు తెలిసినా ఆయన తెలుగు పలచబడలేదు, ఇంకా చిక్కబడింది.

ఇప్పుడు అసలు విషయం. మా ఇళ్ళల్లో పెద్దలు కన్నడంలో అడిగితే పిల్లలు తెలుగులో జవాబిస్తారు. అర్థమవుతుంది గానీ చదవరు. చెవికి మాత్రమే తెలిసిన భాష, ఆ గొంతు పోయిన రోజు పోతుంది. చదవడం వస్తే మిగులుతుంది.

నిజానికి ఇది కష్టం కాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. క, త, శ, హ లాంటి కొన్ని అక్షరాలు, తలకట్టు తీరు గుర్తుపెట్టుకుంటే కొద్దిరోజుల్లోనే బస్సు బోర్డులు చదివేస్తారు. మాటల్లో ఒక కిటుకు ఉంది. మన ‘ప’ చాలాచోట్ల కన్నడంలో ‘హ’ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి, పండు హణ్ణు. పాత కన్నడంలో అక్కడా ‘ప’నే ఉండేది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. ‘ఊట’ అంటే అక్కడ భోజనం, మనకు బావిలో ఊరే నీళ్ళు!

కాబట్టి ఏ భాష ఇష్టమంటే నా జవాబు ఇది. పాటకు దాసర పదం, కథకు కన్నడ నవల, ఒంటరిగా ఉన్న రాత్రికి గజల్, నోరారా చదువుకోవడానికి తెలుగు పద్యం. ఒకటి ఇంకొకదాని కూడు లాక్కోదు.

ఈ వారం మీకొక పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసిన పాట ఒకటి, ఏ భాషదైనా సరే, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని రాసిపెట్టండి. మాటల అర్థం కూడా అడిగి పక్కన రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.