బూట్లు ఎందుకు కరుస్తాయి?

జూన్‌లో బడులు తెరవగానే కొత్త బూట్లు కొంటారు. వారం తిరక్కుండానే మడమ మీద బొబ్బ లేస్తుంది. ఎందుకు? బూటు బిగుతైతే చర్మాన్ని నొక్కుతుంది. వదులైతే అడుగేసినప్పుడల్లా మడమ పైకీ కిందికీ జారుతూ రాసుకుంటుంది.

పెద్దవాళ్ల పాదంలో 26 ఎముకలుంటాయి. మీ పాదంలో అవి ఇంకా పెరుగుతున్నాయి, కొన్నిచోట్ల మెత్తని మృదులాస్థే ఉంటుంది. ఇరుకు బూటులో వేళ్లు ముడుచుకున్నా వెంటనే తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని సరిపెట్టుకోకండి.

మరి ఎలా ఎంచుకోవాలి? సాయంత్రం కొట్టుకు వెళ్లండి, పొద్దంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. బడికి వేసుకునే సాక్సులే తొడుక్కోండి. కూర్చుని కాదు, నిలబడి చూడాలి. ఒంటి బరువు పడితే పాదం సాగుతుంది. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది, దాని కొలతకే కొనాలి. అన్నిటికన్నా పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. (కొందరికి బొటనవేలి పక్కవేలే పొడుగు!) తర్వాత బూటును చేత్తో వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి, సరిగ్గా నడుమ మడతపడేది వద్దు.

"వచ్చే ఏడాదికీ వస్తాయిలే" అని నాన్న రెండు సైజులు పెద్దవి తీయబోతే ఊరుకోకండి. మన కొట్లలో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ సైజుల్లో ఒక్కో సైజుకు తేడా సుమారు 8 మిల్లీమీటర్లు. రెండు సైజులంటే మడమ నిలవదు. "నాన్నా, పరిగెత్తితే జారిపోతున్నాయి" అని అక్కడే చెప్పండి. రెండు మూడు నెలలకోసారి బూటు కొస నొక్కి చూసుకోండి. వేలు తగులుతుంటే దాచకుండా అమ్మకు చెప్పండి.