ఇంటి దరఖాస్తు – ఇల్లాలి పాసుపుస్తకము

సముద్రతీరమునగల విడవలూరు వంటి గ్రామములలో పూరింటి స్థానమున పక్కాయిల్లు కట్టుకొనదలచిన కుటుంబము నేడు మేస్త్రీకంటె ముందుగా పాసుపుస్తకమును వెదకుకొనును. 2016వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాసయోజన క్రింద మైదానప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయల సహాయము వాయిదాలుగా బ్యాంకు ఖాతాలోనే పడును. ఇల్లు స్త్రీ పేరనో దంపతుల పేరనో మంజూరు చేయుట సాధారణ నియమము. కావున దరఖాస్తుతో పోవు పాసుపుస్తకపు నకలు తఱచుగా ఇల్లాలిదే. సొమ్ము నడిమివాని చేత చిక్కకుండుటకు చేసిన యీ యేర్పాటు మాకు సంతోషకరమే.

అయితే ఆ నకలు మన చేయి దాటిన పిమ్మట ఎందెందు తిరుగునో సోదరీమణులు యోచింపవలెను. ఇది ఊరక పుట్టిన భయము గాదు. 2018 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణసంస్థవారి వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల వివరములు ఎవరైనను చూచుటకు వీలుగా నున్నవని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టెను. పేరు, ఊరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు శాఖ, ఖాతా సంఖ్య, ఫోను నంబరు – అన్నియు నొక్కచోటనే! కులమునుబట్టి, మతమునుబట్టి జనులను ఏరి చూచుటకు గూడ నందు వీలుండెను. దొంగ గోడ దూకలేదు, తలుపే తెఱచియుండెను. సంగతి పత్రికల కెక్కిన పిదప ఆ యంకెలు మఱుగుపఱచబడినవి. అంతకు ఎనిమిది మాసముల ముందే, 2017 ఆగష్టు 24న, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. పేదరాలు తన వివరముల నిచ్చినది ఇంటికొఱకు గాని, సంతలో చాటించుటకు గాదు గదా!

ఖాతా సంఖ్య తెలిసినంతనే సొమ్ము పోవునా యని కొందఱడుగుదురు. పోదు. కాని పేరు, ఊరు, బ్యాంకు శాఖ తెలిసినవాడు ఫోనుచేసి, “అమ్మా, మీ యింటి రెండవ వాయిదా ఆగియున్నది, ఇప్పుడు వచ్చిన ఓటీపీ చెప్పుడు” అనినచో, నమ్మకుండుట యెట్లు? అపరిచితుని మాటకు ఆ వివరములే సాక్ష్యమగును.

ఖాతా సంఖ్య నీయక తప్పదు. అదిలేనిదే సహాయము రాదు. ఓటీపీ, ఏటీఎమ్ రహస్యసంఖ్య మాత్రము ఏ యుద్యోగికిని అక్కఱలేదు. నకలుపై “ఇంటి దరఖాస్తు నిమిత్తము మాత్రమే” యని వ్రాసి, తేదీవేసి, సంతకము చేయుట మంచిది. జెరాక్సు దుకాణమునకు వాట్సాపులో పంపిన పటమును అక్కడనే తీసివేయించవలెను. వేలిముద్ర యంత్రముపై వేలుంచుటకు ముందు అది యెందులకో అడుగవలెను. ఆధార్ సంఖ్యయు వేలిముద్రయు నున్నచో ఆ యంత్రముతో సొమ్ము తీయవచ్చును. అవసరము లేనప్పుడు వేలిముద్రలకు తాళము వేసికొను సదుపాయమును ఆధార్ సంస్థవారు కల్పించియున్నారు.

మఱియొక సంగతి. ఖాతా మన పేరను, దానికి జతచేసిన ఫోను నంబరు మఱిదిదియో పొరుగువారిదియో అయినచో, సొమ్ము పడిన వార్తయు, ఓటీపీయు వారికే చేరును. మగవారు చూచుకొందురులే యని యూరకుండక, బ్యాంకునకు పోయి మన నంబరు వ్రాయించుకొనవలెను. ఎప్పుడైన సొమ్ము పోయినట్లు తెలిసినచో, బ్యాంకువారికిని, 1930 నంబరునకును ఆ గడియలోనే తెలియజేయవలెను.