సముద్రం లేని చోట పగడాల అక్వేరియం: నీటి మార్పిడి, ఇసుక నిర్వహణ ఎలా?

ఢిల్లీలోని ధౌలా కువాన్ పేరుకు అర్థం 'తెల్లని బావి'. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల, సమీపంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట ఉన్న మెట్రో స్టేషన్ కారణంగా ఈ ప్రాంతం తెలుగువారికి చిరపరిచితం. ఇక్కడి నుంచి అతి సమీప సముద్ర తీరం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి ఎదుటే సముద్రం ఉంది. ధౌలా కువాన్ వంటి చోట పగడాల అక్వేరియం పెట్టేవారు మాత్రం సముద్రాన్ని కుళాయి నీటితో తయారు చేసుకోవాలి. వేసవిలో ట్యాంకర్ల కోసం ప్రజలు బారులు తీరే నగరంలో ఈ అభిరుచికి ఎంత నీరు ఖర్చవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

నీరు ఎందుకు మార్చాలి?

చేపల విసర్జనలు, మిగిలిపోయిన ఆహారం కుళ్లి అమ్మోనియాగా మారతాయి. రాళ్లపైనా, ఇసుకలోనూ ఉండే బ్యాక్టీరియా దానిని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత విషపూరితం కాకపోయినా, పేరుకుపోతే నాచు విజృంభించి పగడాలు దెబ్బతింటాయి. మరోవైపు పగడాలు తమ అస్థిపంజర నిర్మాణానికి నీటిలోని కాల్షియంను, కార్బొనేట్లను నిరంతరం వాడుకుంటాయి. నీటి మార్పిడి వ్యర్థాలను కొంత తొలగిస్తుంది, ఖనిజాలను కొంత తిరిగి చేరుస్తుంది.

లెక్క ఏమి చెబుతుంది?

2,000 లీటర్ల అక్వేరియంలో వారానికి 10 శాతం, అంటే 200 లీటర్లు మారుస్తారనుకుందాం. నాలుగు వారాలకు 40 శాతం పాత నీరు పోయినట్లు అనిపిస్తుంది. నిజానికి పోయేది 34 శాతమే. రెండో వారం నుంచి తీసే నీటిలో అంతకుముందు పోసిన కొత్త నీరు కూడా కలిసి ఉండటమే ఇందుకు కారణం.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. వారానికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ పెరుగుతుంటే, 10 శాతం మార్పిడితో దాని స్థాయి క్రమంగా 20 మిల్లీగ్రాముల వద్ద నిలుస్తుంది. దానిని 10కి దించాలంటే వారానికి 20 శాతం, అంటే 400 లీటర్లు మార్చాలి. లేదా వ్యర్థాల ఉత్పత్తిని సగానికి తగ్గించాలి. చేపల సంఖ్యను, మేతను అదుపులో ఉంచితే ఒక్క చుక్క నీరు అదనంగా వాడకుండానే అదే ఫలితం లభిస్తుంది.

కొత్త నీటి తయారీ

కుళాయి నీటిలో క్లోరిన్, కరిగిన లవణాలు ఉంటాయి. కనుక నీటిని ముందు కార్బన్ వడపోతకు, తర్వాత ఆర్‌ఓ యంత్రానికి, చివరగా మిగిలిన లవణాలను పీల్చే రెసిన్ గుళికలకు పంపాలి. టీడీఎస్ మీటరు సున్నా చూపిన తర్వాతే అక్వేరియం కోసం తయారయ్యే ప్రత్యేక సముద్ర లవణ మిశ్రమాన్ని కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అది దాదాపు సోడియం క్లోరైడ్ మాత్రమే. పగడాలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందులో తగినంత ఉండవు.

లీటరుకు సుమారు 35 గ్రాముల లవణీయత వచ్చేలా కలిపి, పంపుతో తిప్పుతూ ఒక రోజు ఉంచడం మంచిది. ఉష్ణోగ్రత, లవణీయత, క్షారత పాత నీటితో సరిపోలిన తర్వాతే తొట్టిలో పోయాలి. ఆకస్మిక మార్పును పగడాలు తట్టుకోలేవు.

ఢిల్లీ ఎండలకు నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు. పది శాతం నీరు ఆవిరైతే లవణీయత 35 నుంచి దాదాపు 39కి చేరుతుంది. కనుక ఆ లోటును ఏ రోజుకారోజు శుద్ధమైన మంచినీటితోనే భర్తీ చేయాలి. ఉప్పునీరు పోయడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

ఇసుకను కదపాలా, వద్దా?

ఇది ఇసుక మందాన్ని బట్టి ఉంటుంది. రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల పలుచని పొరను క్రమంగా శుభ్రం చేయాలి. నీరు మార్చే రోజునే సైఫన్ గొట్టంతో నాలుగో వంతు భాగంలోని మడ్డిని లాగి, మరుసటి వారం పక్క భాగానికి వెళ్లాలి. పారబోయవలసిన నీటితోనే మురికీ బయటకు పోతుంది. బ్యాక్టీరియాలో అధిక భాగం చెక్కుచెదరదు.

పది సెంటీమీటర్లు దాటిన లోతైన ఇసుక సంగతి వేరు. పై పొరలో ఆక్సిజన్ ఉంటుంది. దాని కింద ఆక్సిజన్ తక్కువైన చోట మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి బయటకు పంపుతుంది. మొనాకోలో శాస్త్రవేత్త జాన్ జోబెర్ ఈ సూత్రం ఆధారంగా, ఇసుక అడుగున నీటి అరను ఉంచే పద్ధతిని రూపొందించారు. అయితే ఏళ్ల తరబడి మురికి చేరిన లోతైన ఇసుకలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టవచ్చు. నల్లని మచ్చలు, కుళ్లిన గుడ్డు వాసన దాని గుర్తులు. అటువంటి ఇసుకను ఒక్కసారిగా కలియబెడితే తొట్టిలోని జీవులన్నీ ప్రమాదంలో పడతాయి. తొలగించవలసి వస్తే వారాల వ్యవధిలో కొద్దికొద్దిగా తీయాలి.

పారబోసే నీరు ఎక్కడికి?

లీటరు శుద్ధజలానికి మూడు లీటర్లు వృథా చేసే ఆర్‌ఓ యంత్రమైతే, 200 లీటర్ల కోసం 600 లీటర్లు బయటకు పోతాయి. ఈ నీటిని నేల తుడవడానికి, మరుగుదొడ్లకు వాడుకోవచ్చు. తీసివేసిన ఉప్పునీరు మాత్రం మొక్కలకు హానికరం. అందులో వారానికి సుమారు 7 కిలోలు, ఏడాదికి 360 కిలోలకు పైగా ఉప్పు మురుగు కాలువలో చేరుతుంది. మేతను తగ్గించి, అవసరమైనంత నీరే మార్చాలని పై లెక్క చెప్పడానికి ఇది మరో కారణం.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో గల్ఫ్ ఆఫ్ కచ్, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ పగడపు దిబ్బలకు ప్రసిద్ధి. దిబ్బలను నిర్మించే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ కల్పించింది. వాటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. ఇసుకను శుభ్రం చేస్తాయని కొందరు కోరుకునే సముద్ర దోసకాయలూ ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. విదేశీ పగడాలను కొనేవారు దిగుమతి అనుమతి పత్రాలను సరిచూసుకోవాలి. తొట్టిలో నీరు నింపకముందే ఈ పని పూర్తి చేయాలి.