కొండ పిట్టను చూడాలంటే ముందురోజే బస్సెక్కాలి

అనంతగిరి: విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి ఎండ బాగా పైకెక్కుతుంది. అప్పటికి కొండమీద పిట్టల సందడి అయిపోతుంది. వెలుతురు వచ్చిన దగ్గర నుంచి రెండు మూడు గంటలపాటు మారుమోగిన అడవి ఆ తర్వాత చప్పబడిపోతుంది. పక్షులను చూద్దామని రైలెక్కి వచ్చినవారు బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కుని, పిట్టలేవీ కనబడలేదనుకుంటూ సాయంత్రం బండికి తిరుగుముఖం పడుతుంటారు. తప్పు పిట్టలది కాదు, రైలుదీ కాదు. ప్రయాణానికి వేసుకున్న లెక్కలోనే వుంది.

పక్షులను చూడటం కార్లున్నవారి సరదా అని చాలామంది అనుకుంటారు. కాని మన్యం కొండల మీదికి రైలుంది, ఆర్టీసీ బస్సుంది. వేళ కుదుర్చుకుంటే మామూలు రైతుబిడ్డయినా బస్సు చార్జీలతో ఆ పక్షులను చూసి రావచ్చు.

దేశదేశాల వారి దృష్టి

ఈ కొండల మీద శాస్త్రజ్ఞుల దృష్టి ఎప్పుడో పడింది. ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు లంబసింగి ప్రాంతంలో పక్షులను పరిశీలించి, తూర్పు కనుమలలో ఏ పిట్ట ఏ కాలంలో వుంటుందో 1979లో ప్రచురించారు. శీతాకాలంలో ఇక్కడికి వచ్చే ఒక చిన్న పచ్చపిట్ట మీద ఆయన ప్రత్యేకంగా పరిశోధన చేశారు. దాని బరువు పది గ్రాములు కూడా వుండదు. గుడ్లు పెట్టేది ఎక్కడో ఉత్తరాన. చలికాలం గడపటానికి మన కాఫీ తోటల చెట్ల మీదికి వస్తుంది.

విశాఖపట్నానికి చెందిన పక్షి శాస్త్రజ్ఞులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు ఒక పిట్టకే పెట్టారు. హిమాలయాల పాదాల నుంచి తూర్పున ఆగ్నేయాసియా వరకు వుండే ఒక గోధుమరంగు పొదపిట్ట, మధ్యలో ఎక్కడా లేకుండా, మన కొండల్లో విడిగా కనబడింది. ఇక్కడి రకాన్ని వేరుగా గుర్తించి, 1985లో డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దానికి కృష్ణరాజు పేరు చేర్చారు. ఇంత ఘనత గల పిట్ట మన జిల్లా పొదల్లో వున్నదని కొండ కింద వున్నవారిలో ఎంతమందికి తెలుసు?

లెక్క తెల్లవారు నుంచి వెనక్కి

ఎస్.కోట పక్క పల్లె నుంచి అన్నదమ్ములిద్దరు బయలుదేరారనుకుందాం. మామూలుగా అయితే ముందు రైలు వేళ చూస్తారు. పిట్టల కోసం వెళ్ళేవారు ముందు తెల్లవారే వేళ చూడాలి. డిసెంబరులో ఆరుంబావు ప్రాంతంలో, మే నెలలో ఐదున్నరలోపే పొద్దు పొడుస్తుంది. ఆ వేళకు చెట్ల మధ్య నిలబడి వుండాలంటే రాత్రి కొండమీదే పడుకోవాలి. కనుక మొదటిరోజు మధ్యాహ్నం దాటాక ఎస్.కోటలో అరకు బస్సెక్కి, చీకటి పడకముందే అనంతగిరిలో దిగాలి. రెండోరోజు తెల్లవారుజామున చూడటం, పదికల్లా టిఫిను, కాస్త విశ్రాంతి, మళ్ళీ నాలుగు నుంచి పొద్దు గూకేదాకా చూడటం. మూడోరోజు ఉదయం మరొకసారి చూసి, మధ్యాహ్నం బస్సుకు కిందికి దిగిపోవచ్చు. ఒక్క రాత్రే వీలయ్యేవారికి ఒక ఉదయమే దక్కుతుంది. అదైనా పగటి ప్రయాణంకంటే మేలు.

బస కోసం టైడా, అనంతగిరి, అరకులలో పర్యాటక శాఖ అతిథి గృహాలున్నాయి, ప్రయివేటు లాడ్జీలూ వున్నాయి. గది వుందో లేదో ఫోనులో అడిగాకే బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు అరకు జనంతో కిక్కిరిసిపోతుంది. గది దొరకదు, రైల్లో సీటు దొరకదు. మంగళ, బుధవారాలు పెట్టుకుంటే రెండూ దొరకటం తేలిక.

రైలా, బస్సా?

బయిలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చటానికి 1960 దశకంలో ఈ రైలు మార్గం వేశారు. ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. అరకుకు ముందు వచ్చే సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున వుంది. కొండ దృశ్యం చూడటానికి రైలును మించింది లేదు. పిట్టల కోసం మాత్రం బస్సే నయం. కావలసిన మలుపు దగ్గర దిగవచ్చు, తిరిగి ఎక్కవచ్చు. రైలే కావాలంటే అరకు దాకా పోకుండా టైడాలోనో, బొర్రాలోనో దిగి రాత్రి ఆ చుట్టుపక్కలే వుండిపోవాలి. బండి ఏయే స్టేషన్లలో ఆగుతుందో టికెట్టు కిటికీ దగ్గర అడగటం మరువరాదు.

లంబసింగి వెళ్ళేవారు నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కాలి. ఇక్కడ కొత్తవారు ఒక పొరపాటు చేస్తుంటారు. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగితే నర్సీపట్నం వచ్చేసినట్టు కాదు. ఊరు చేరటానికి మళ్ళీ బస్సెక్కాలి. ఈ సంగతి తెలియక చీకటి పడ్డాక అక్కడ దిగితే కొండెక్కే బస్సు తప్పిపోయే ప్రమాదముంది.

కొండమీద దిగగానే చివరి బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగి రాసుకోవాలి. సంత రోజున జీపులు, ఆటోలు ఎక్కువ తిరుగుతాయి. మిగతా రోజుల్లో వాటిని నమ్ముకుని సాయంత్రం దాకా అడవిలో వుండిపోకూడదు. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను పలకదు.

నడక తక్కువ, నిలకడ ఎక్కువ

ఎక్కువ దూరం నడిస్తే ఎక్కువ పిట్టలు కనబడతాయనుకోవటం పొరపాటు. పండ్లు కాసిన మర్రి కిందనో, వాగు ఒడ్డునో అరగంట కదలకుండా కూర్చుంటే పిట్టలే వస్తాయి. చలికాలంలో చిన్న పిట్టలు రకరకాలవి కలిసి గుంపుగా తిరుగుతుంటాయి. ఒక క్షణం చెట్టు ఖాళీగా వుంటుంది, మరుక్షణం కొమ్మకొక పిట్ట వాలుతుంది. ఆ గుంపులో తోక నుంచి రెండు తీగలు వేలాడే పెద్ద ఏట్రింత కనబడవచ్చు. అది ఇతర పిట్టల గొంతులను అనుకరిస్తుంది. తల వెనుక పసుపు తోలు వేలాడే కొండ గోరువంక పెద్ద చెట్ల చిటారు కొమ్మల్లో వుంటుంది. వాగు దగ్గర ఎవరో కుర్రాడు ఈల వేస్తున్నట్టు వినబడితే వెతకవలసింది కుర్రాణ్ణి కాదు, నీలి నలుపు రంగు ఈలపిట్టను.

వలస పిట్టలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అయితే పొగమంచు కమ్మిన రోజున అది విడేదాకా ఏమీ కనబడదు. ఓపిక పట్టాలి. ఇక్కడే గుడ్లు పెట్టే పిట్టల పాట వినాలంటే మార్చి నుంచి జూన్ మేలు. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడి దారి ఆగిపోవచ్చు, జలగల బాధ కూడా వుంటుంది.

సంచిలో స్వెట్టరు, గొడుగు, టార్చిలైటు, మంచినీళ్ళు, ఒక పూటకు సరిపడా తిండి వుండాలి. బట్టలు మట్టిరంగువో ఆకురంగువో అయితే మంచిది. బైనాక్యులర్ మీద 8x42 అని రాసి వుంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందు అద్దం 42 మిల్లీమీటర్లని అర్థం. ఇద్దరికి ఒకటి చాలు. అదీ లేకపోతే నోటు పుస్తకం, పెన్సిలు చాలు. పరిమాణం, రంగు, ముక్కు, తోక రాసుకుని ఇంటికొచ్చాక పుస్తకంలో పోల్చుకోవచ్చు.

రోడ్డు అంచున నిలబడి చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రిజర్వు అడవి లోపలికి పోవాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. కాఫీ తోటలోకి వెళ్ళాలంటే తోట రైతును అడగాలి. వూరి గిరిజన యువకుణ్ణి వెంట తీసుకెళ్ళి తగిన కూలి ఇస్తే ఇద్దరికీ మేలు. ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో అతనికి తెలిసినంత పుస్తకానికి తెలియదు. ఫోనులో పిట్ట కూత పెట్టి దాన్ని పిలవటం తగదు. శత్రువు వచ్చిందనుకుని గూడు వదిలి తిరుగుతుంది.

చెట్టుంటేనే పిట్ట

కొండ గోరువంకను, చిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సంతలో ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు. కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ ఒక్కటే పెంచిన తోటలకంటే పనస, మర్రి, మేడి వంటి పాత చెట్లు వుంచిన తోటల్లోనే పిట్టల జాతులు ఎక్కువ. ఆ చెట్లను కాపాడుతున్న రైతుకు పక్షుల కోసం వచ్చేవారి వల్ల నాలుగు రూపాయలు ముడితే గొడ్డలి వేసే ముందు ఆలోచిస్తాడు.

వెలుతురు వచ్చే వేళకు అనంతగిరిలో దించే బస్సు వుంటే ఎస్.కోట పరిసర గ్రామాల పిల్లలకు రాత్రి బస ఖర్చు కూడా మిగులుతుంది. పాఠశాలల వారు ఏటా ఒక తరగతినైనా ఇలా తీసుకెళ్ళవచ్చు. వారానికో సెలవు రోజున అలాంటి బస్సు ఒకటి నడిపే విషయం ఆర్టీసీ అధికారులు పరిశీలించటం అవసరం.