బడి బయట చదువు: వాళ్లకు ఎంపిక, మనకు గెంటివేత

నగరాల్లో డబ్బున్న కొన్ని కుటుంబాలు పిల్లల్ని బడికి పంపడం మానేసి ఇంట్లోనే చదివిస్తున్నాయి. హైస్కూలు వయసు వచ్చేసరికి లెక్కలు, సైన్సు చెప్పడం తల్లిదండ్రుల వల్ల కాదు కాబట్టి, గంటకింత అని కట్టి ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచర్‌ని పెడతారు. ఒక టీచర్, ఒక విద్యార్థి. పిల్ల ఎక్కడ ఆగితే పాఠం అక్కడ ఆగుతుంది. దీనికి హోంస్కూలింగ్ అని పేరు. మన వాడల్లోనూ బడికి పోకుండా ఇంట్లో ఉన్న పిల్లలున్నారు. వాళ్లను మాత్రం డ్రాపౌట్లు అంటారు.

విచిత్రం ఏమిటంటే ఈ ఇద్దరూ రాసే పరీక్ష తరచుగా ఒక్కటే. అది జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్ పెట్టే పరీక్ష. 1979లో సీబీఎస్‌ఈ కింద ఒక ప్రాజెక్టుగా మొదలై, 1989లో విడి సంస్థ అయి, 2002లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి, వాడల్లో 'ఓపెన్ టెన్త్' అంటే ఎక్కువగా అవే. అయితే ఇంట్లో చదివించే పై కుటుంబాలు ఎక్కువగా ఎన్‌ఐఓఎస్ దారి పడుతున్నాయి కాబట్టి, ఆ దారి ఎలా ఉంటుందో మనకూ తెలిసి ఉండాలి.

ముందు చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిలో చదువును హక్కు చేసింది. ఇంట్లో చదివించడం నేరమా అనే ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా పోతే, ఇష్టపూర్వకంగా అలా చదివించేవాళ్లకు చట్టం అడ్డు రాదని 2012లో కేంద్రం అఫిడవిట్ వేసింది. 'ఇష్టపూర్వకంగా' అన్న మాట దగ్గరే మా పేచీ. పత్తి చేలో కూలికి పోతున్న పిల్లది, హాస్టల్లో అవమానపడి తిరిగొచ్చిన పిల్లాడిది ఇష్టం కాదు.

పద్నాలుగేళ్లు నిండితే ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి చేరవచ్చు. ఎనిమిది పాసైన కాగితం లేకపోతే, చదవగలనని సొంత ధృవీకరణ ఇస్తే చాలు. టీసీ ఇవ్వకుండా తిప్పించుకునే బడులను చూసినవాళ్లకు దీని విలువ తెలుసు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. తెలుగు మాధ్యమం ఉంది. అయిదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మామూలు పది తప్పినవాళ్లయితే పాసైన రెండు సబ్జెక్టుల దాకా మార్కులు బదిలీ చేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ప్రవేశ రుసుము తక్కువ.

సబ్జెక్టులు ఎంచుకునే దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ లెక్కలు తప్పనిసరి కాదు. హోంసైన్స్, పెయింటింగ్, బిజినెస్ స్టడీస్ తీసుకుని కూడా పది పాసవ్వచ్చు. 'మీవాళ్లకు లెక్కలెందుకమ్మా, ఇవి రాయిస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది' అని ఒక స్టడీ సెంటర్ మనిషి మా ముందే ఒక తల్లితో అన్నాడు. ఆమె తలూపింది. లెక్కలు లేని పదితో పాలిసెట్ రాయలేరని ఆమెకు ఎవరు చెప్పాలి? ఇంట్లో చదివే సంపన్నుల పిల్ల కూడా లెక్కలు వదిలేయవచ్చు, కానీ ఏ తలుపు మూసుకుంటుందో తెలిసే వదిలేస్తుంది. మన పిల్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. 'పాస్ గ్యారంటీ' అని ప్యాకేజీలు అమ్మేవాళ్ల దగ్గరికి పోవద్దని కూడా ఇక్కడే చెబుతున్నాం.

ఇక ఒక్కరికి ఒక్క టీచర్ అన్న పద్ధతి. డబ్బు పక్కన పెడితే అందులో గొప్ప రహస్యం లేదు. కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఓపెన్ టెన్త్ పిల్లలతో కూర్చున్నప్పుడు మేము చూసింది ఇదీ: బీజగణితం రాదు అన్న పిల్లకు నిజానికి రానివి భిన్నాలు. అయిదో తరగతిలో ఆగిన చోటు అది. ఆ తర్వాత అయిదేళ్లు ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, ఆమె వెనక బెంచీలో కూర్చుంది, అంతే. నెల రోజులు భిన్నాలే చేయించాం. సిలబస్ వెనకబడింది, పరవాలేదు, తొమ్మిది అవకాశాలున్నాయి కదా. డిగ్రీ చదివే ఒక విద్యార్థి ఇద్దరు పిల్లల్ని పట్టుకుంటే, వారానికి మూడు సాయంత్రాలు ఇస్తే ఇది సాగుతుంది. సైన్సు ప్రాక్టికల్స్‌కు మాత్రం స్టడీ సెంటర్‌కు పోక తప్పదు.

ఇంత చెప్పి కూడా, బడిలో ఉన్న పిల్లను ఈ దారికి మళ్లించవద్దని మేము గట్టిగా అంటున్నాం. బడి బయటికి వస్తే మధ్యాహ్న భోజనం పోతుంది. హాస్టల్ సీటు పోతుంది. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు వచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ రెగ్యులర్ విద్యార్థులకే. పాస్ శాతం తగ్గుతుందని భయపడే హెడ్మాస్టర్లు చదువులో వెనకబడ్డ పిల్లల్ని 'ఓపెన్లో రాయించుకోండి' అని సాగనంపుతుంటారు. ఆ పిల్లల్లో మనవాళ్లు ఎందరో ఆ ఊరి వాడలో అడిగితే తెలుస్తుంది. అలాంటి చోట స్టడీ సెంటర్ అడ్రస్ ఇచ్చి రాకండి. తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని బడికి పోండి, పేరు ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా అడగండి, జవాబు లేకపోతే మండల విద్యాధికారికి ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి.