ద్రాక్షకు చలి లెక్క

శివరాత్రితో చలి ‘శివ శివా’ అంటూ పోతుందంటారు. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ సందుల్లోకి ద్రాక్ష బండ్లు జోరుగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఇప్పుడు బండి మీద ఎక్కువగా గింజల్లేని థామ్సన్ రకాలే ఉంటున్నాయి గానీ, ఒకప్పుడు జంటనగరాల చుట్టూ తోటల్లో రాజ్యమేలింది అనాబ్-ఎ-షాహి. పొడుగాటి పండు, లోపల గింజ, బాగా పండితే తేనె రంగు. హెక్టారుకు సగటున 35 టన్నుల కాపు. తినే పండుగా దానికి వంక పెట్టలేం. మంచి వైట్ వైన్‌కు మాత్రం అది సరిపోదు.

దాని రసంలో తీపి 14 నుంచి 16 శాతం. ఈస్టు ఆ చక్కెరంతా తిన్నా, వచ్చే ఆల్కహాలు ఎనిమిది తొమ్మిది శాతం దగ్గరే ఆగిపోతుంది. 12 శాతం కావాలంటే తీపి 21, 22 దాకా ఎక్కాలి. ఇంకొన్నాళ్లు తీగ మీదే ఉంచితే సరి కదా? ఉంచితే పులుపు పోతుంది. ఎండ ముదిరి రాత్రిళ్లు కూడా వేడెక్కితే, పండు తన శ్వాసక్రియలో మాలిక్ ఆమ్లాన్ని ఖర్చుపెట్టేస్తుంది. పులుపు తగ్గిన వైట్ వైన్ చప్పగా ఉంటుంది, తొందరగా చెడుతుంది కూడా.

ఫ్రాన్స్‌లో ల్వార్ నది ఒడ్డున, వైట్ వైన్ చేసే సావెన్యేర్ ఊరు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సికింద్రాబాద్ 17 మీద. అక్కడి తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. కాయ సెప్టెంబరు, అక్టోబరుల్లో పండుతుంది, అంటే చలి వస్తుండగా. తీపి ఎక్కుతున్నా పులుపు నిలుస్తుంది. మన తీగకు ఆ నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌లో కొమ్మ కోసం ఒకసారి, అక్టోబరులో కాపు కోసం ఒకసారి కత్తిరిస్తారు. పంట చేతికొచ్చేసరికి చలి వెళ్లిపోతూ ఉంటుంది.

సావెన్యేర్‌లోనే కులే ద సెరాన్ అని ఏడు హెక్టార్ల తోట ఉంది. 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు నాటిన చోటు. పలకరాతి నేల, షెనిన్ బ్లాంక్ ఒక్కటే రకం. నికొలా జోలీ 1980ల నుంచి అక్కడ బయోడైనమిక్ సేద్యం పట్టుకున్నారు. ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టడం, చంద్రుడి గతి చూసి పనులు చేయడం అందులో భాగం. చంద్రుడి సంగతి నాకు నమ్మకం లేదు. బయటి ఈస్టు కలపకుండా, తోటలోనూ నేలమాళిగలోనూ ఉన్న ఈస్టుతోనే రసాన్ని పులియనివ్వడంలో మాత్రం వింతేమీ లేదు. మన తాటికల్లు కుండలో జరిగేదీ అదే.

బయోడైనమిక్ కూడా సేంద్రియ సేద్యమే. కానీ సేంద్రియ తోట అంటే మందే కొట్టరని కాదు. అనాబ్-ఎ-షాహిని పీడించే బూజు తెగులే అక్కడా శత్రువు. 1880లలో బోర్డో దగ్గర మెదోక్‌లో, దారిన పోయేవాళ్లు పండ్లు కోసుకోకుండా రైతులు దారి పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ వరుసలకే బూజు పట్టలేదని మిలార్దే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి, 1885లో ప్రకటించాడు. మన రైతులు వాడే బోర్డో మిశ్రమం అదే. అందులోని రాగిని ఐరోపా సేంద్రియ నిబంధనలు ఇప్పటికీ అనుమతిస్తున్నాయి, హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు మించకుండా. రాగి కుళ్లిపోయేది కాదు, నేలలోనే పేరుకుంటుంది. ఎక్కువైతే వానపాములకు చేటు. సేంద్రియ ముద్ర మీద నాకున్న పెద్ద సందేహం ఇదే.

ఇప్పుడు ల్వార్‌లోనూ వేసవులు వేడెక్కి కోతలు ముందుకు జరుగుతున్నాయి. షెనిన్ బ్లాంక్‌కు పుట్టుకతోనే పులుపు ఎక్కువ కాబట్టి ఇంకా తట్టుకుంటోంది. చిగురు కూడా ముందే వస్తోంది. 2021 ఏప్రిల్‌లో అలా తొందరపడ్డ చిగుళ్ల మీద మంచు పడి, ఫ్రాన్స్ ద్రాక్షతోటలు చాలావరకు దెబ్బతిన్నాయి.